ఫోటోషాప్‌కి బదులు ఏది? ఒంటరి ప్రోగ్రామర్ల ఉచిత ఎడిటర్లు, మన అవసరాలు

“మావయ్యా, ఫోటో ఎక్కట్లేదు. సైజు తక్కువుందంటోంది.”

రాత్రి పదకొండు దాటాక మేనకోడలు ఫోన్ చేసింది. బ్యాంకు పరీక్ష ఫారం నింపడానికి అదే ఆఖరి రోజు. గంట క్రితం దాకా సైజు ఎక్కువుందన్న ఫారమే ఇప్పుడు తక్కువుందని తిప్పికొడుతోంది. ఊళ్లో నెట్ సెంటర్ మూసేశారు. ల్యాప్‌టాప్‌లో ఎవరో వేసిచ్చిన క్రాక్ ఫోటోషాప్ ఉంది గానీ, అది తెరుచుకునేలోపు టీ పెట్టుకుని తాగి రావచ్చు. చివరికి ఇర్ఫాన్‌వ్యూ అనే ఉచిత ఫోటో ప్రోగ్రామ్ దింపించి, ఫోన్లోనే ఒక్కో మీట చెబుతూ పోతే డౌన్‌లోడ్‌తో కలిపి పది నిమిషాల్లో పని అయిపోయింది.

“ఫోటోషాప్‌కి బదులు ఫ్రీగా ఏదైనా చెప్పండి” అని అడిగేవాళ్లని నేను ముందు చేయాల్సిన పనేంటని అడుగుతాను. ఫారంలో ఫోటో ఎక్కించడం, ఓణీల ఫంక్షన్ కార్డులో పేరు మార్చడం, యూట్యూబ్ థంబ్‌నెయిల్ చేయడం, ఫ్లెక్సీకి తెలుగు అక్షరాలు దిద్దడం, ఇవన్నీ వేర్వేరు పనులు. ఒకే ఉచిత సాఫ్ట్‌వేర్ నాలుగింటికీ బాగుండదు. నా మాట ముందే చెప్పేస్తున్నాను: విండోస్ కంప్యూటర్ ఉంటే ఇర్ఫాన్‌వ్యూ ఎలాగూ వేసుకోండి, దానికి తోడుగా పనిని బట్టి రెండోది పెట్టుకోండి. ఫోటోపీ, పెయింట్ డాట్ నెట్, గింప్ అనే ఎడిటర్లలో ఆ రెండోది ఏదన్నదే అసలు ప్రశ్న.

వీటిలో గింప్ తప్ప మిగతా మూడింటినీ ప్రధానంగా ఒక్కో ప్రోగ్రామరే ఏళ్ల తరబడి నడుపుతున్నారు. పెద్ద కంపెనీ సరుకైతే అన్నీ కాస్త ఒకేలా ఉంటాయి. ఒక్క మనిషి రాసినదానిలో ఆ మనిషి ఇష్టాయిష్టాలు, బతుకుతెరువు కోసం పెట్టుకున్న షరతులు కనిపిస్తాయి. “ఫ్రీ” అన్న మాటకి కూడా మూడింట్లో మూడు అర్థాలు.

కేబీల గొడవకి ఇర్ఫాన్‌వ్యూ

బ్యాంకు ఉద్యోగ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఫారాల్లో ఫోటోకి 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ అని అడుగుతారు. సంతకానికి 140×60 పిక్సెల్స్, 10 నుంచి 20 కేబీ. అందరూ పై హద్దు గురించి టెన్షన్ పడతారు గానీ, దెబ్బ తగిలేది కింది హద్దు దగ్గర. 200ని 230తో గుణిస్తే 46 వేల పిక్సెల్సే. అంత చిన్న బొమ్మని మామూలు క్వాలిటీతో జేపీజీగా సేవ్ చేస్తే పది పదిహేను కేబీకి పడిపోవచ్చు. మేనకోడలికి జరిగింది అదే. పెద్ద ఫోటో ఎక్కదు, పిక్సెల్స్ తగ్గించగానే కింది హద్దు కంటే చిన్నదైపోతుంది. సంతకం సంగతి ఇంకా కష్టం, తెల్ల కాగితం మీద రెండు గీతలే కాబట్టి 140×60లో ఎంత మంచి క్వాలిటీ పెట్టినా పది కేబీ రాకపోవచ్చు. అక్కడ పిక్సెల్స్ పక్కన “ప్రిఫర్డ్” (ఇలా ఉంటే మంచిది) అని ఉంటే, అదే నిష్పత్తిలో 280×120 చేసి చూడండి.

ఇర్ఫాన్‌వ్యూలో ఈ పని ఇలా సాగుతుంది. ఫోటో తెరిచి షిఫ్ట్, సి కలిపి నొక్కితే ఏ నిష్పత్తిలో కత్తిరించాలో చెప్పే పెట్టె వస్తుంది. అక్కడ 200, 230 వేసి, గడిని మొహం చుట్టూ సర్ది, కంట్రోల్, వై నొక్కితే క్రాప్. తర్వాత కంట్రోల్, ఆర్ నొక్కి పిక్సెల్స్ వేయాలి. ముందు కత్తిరించకుండా నేరుగా రీసైజ్‌లో 200×230 కొట్టారంటే మొహం సాగుతుంది. హాల్‌టికెట్ల మీద కనిపించే గుమ్మడికాయ మొహాలన్నీ ఆ తొందరలో వచ్చినవే. చివర్లో ఎస్ నొక్కి జేపీజీగా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్ల పెట్టెలో ఫైల్ సైజు గడి ఉంటుంది. దాంట్లో 40 అని వేస్తే 40 కేబీకి లోబడి క్వాలిటీని అదే సర్దుకుంటుంది. ఇది పనిచేయాలంటే రయట్ అనే ప్లగిన్ (తోడు ప్రోగ్రామ్) ఉండాలి. ప్లగిన్లని అదే సైట్లో వేరే ఫైలుగా ఇస్తారు, మర్చిపోకుండా రెండూ దింపుకోండి.

డీపీఐ 300ని 72 చేస్తే కేబీ తగ్గుతుందని చాలామంది నమ్మకం. తగ్గదు. అది ప్రింటులో ఎంత పెద్దగా రావాలో చెప్పే అంకె మాత్రమే, పిక్సెల్స్ మారకపోతే ఫైలు బరువు మారదు. ఇంకో సంగతి, ఫోన్‌తో తీసిన ఫోటోలో ఎక్కడ తీశారన్న లొకేషన్ కూడా దాగి ఉండొచ్చు. అదే సేవ్ పెట్టెలో ఎగ్జిఫ్ వివరాలు ఉంచాలా వద్దా అని టిక్ ఉంటుంది. బయటివాళ్లకి పంపేటప్పుడు తీసేయండి.

దీని అసలు బలం మాత్రం బి మీట. అది నొక్కితే బ్యాచ్ పెట్టె వస్తుంది. స్కూలు వార్షికోత్సవం ఫోటోలు మూడు వందలు ఒకేసారి చిన్నవి చేసి, వరస నంబర్లతో పేర్లు మార్చి, వేరే ఫోల్డర్‌లో పడేయడం దానికి టీ తాగినంత పని. ఇంత హాయిగా ఈ పని చేసేది ఫోటోషాప్‌తో సహా నాకు ఇంకోటి కనబడలేదు.

రాసినాయన ఇర్ఫాన్ ష్కిల్యాన్. బోస్నియాలోని యైత్సెలో పుట్టి, వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. మొదటి వెర్షన్ 1996లో వచ్చింది. ముప్ఫయ్యేళ్లు కావస్తున్నా రూపం పెద్దగా మారలేదు, ఐకాన్ కూడా ఇప్పటికీ ఆ ఎర్ర పిల్లే. అందంగా లేదని మా అబ్బాయి వెక్కిరిస్తాడు. నాకైతే మీటలు మారకపోవడమే సుఖం.

ఇది మన ఇంట్లో వాడుకోవడానికి, చదువులకి, సేవా సంస్థలకి ఉచితం. వ్యాపారానికి వాడితే రిజిస్టర్ చేసుకుని డబ్బు కట్టాలి. నెట్ సెంటర్‌లో, ఫోటో స్టూడియోలో రోజూ డబ్బులు తీసుకుని ఫోటోలు సర్దేవాళ్లు కట్టాల్సినవాళ్లే. మన దగ్గర ఈ సంగతి తెలిసి వాడే షాపులు తక్కువ. నెలనెలా కట్టేది కాదు, చిన్న మొత్తమే, కట్టేయండి.

లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి విడివిడిగా మార్చుకునే పొరలు, ఇందులో లేవు. ఫోటో వెనక గోడ తీసేసి తెలుపు పెట్టాలన్నా, రెండు ఫోటోలు కలిపి కార్డు చేయాలన్నా దీనితో తిప్పలు పడొద్దు.

ఎవరైనా పీఎస్‌డీ పంపితే ఫోటోపీ

పెళ్లి కార్డులూ, ఓణీల ఫంక్షన్ కార్డులూ, పుట్టినరోజు ఫ్లెక్సీల డిజైన్లూ వాట్సాప్ గ్రూపుల్లో పీఎస్‌డీ ఫైళ్లుగా తిరుగుతుంటాయి. అవి ఫోటోషాప్ ఫైళ్లు. అందులో పేరూ తేదీ మార్చడానికి మాత్రమే ఫోటోషాప్‌కి నెలనెలా చందా కట్టడం ఎవరికైనా మనసొప్పదు. ఫోటోపీ సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, బ్రౌజర్‌లో సైట్ తెరిచి ఫైలు లాగి వదిలితే చాలు. లేయర్లు, మాస్కులు, స్మార్ట్ ఆబ్జెక్టులు లాంటి ఫోటోషాప్ హంగులు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. మెనూలూ మీటలూ కూడా ఫోటోషాప్ వరసలోనే ఉంటాయి కాబట్టి, డీటీపీ షాపులో నాలుగు రోజులు పనిచేసినవాళ్లకి కొత్తగా నేర్చుకునేది ఉండదు.

దీన్ని ఉక్రెయిన్‌లో పుట్టి, ప్రాగ్‌లో చదువుకున్న ఇవాన్ కుత్స్కిర్ రాశాడు. 2013 నుంచి జనానికి అందుబాటులో ఉంది. ఏళ్ల తరబడి కోడ్ రాయడమూ, వాడేవాళ్ల ఫిర్యాదులకి జవాబివ్వడమూ ఆయనొక్కడే చేశాడంటే, ఫోటోషాప్ వాడినవాళ్లకి ముందు నమ్మబుద్ధి కాదు.

“సైట్‌లో పెడితే నా ఫోటోలు వాళ్ల దగ్గరికి పోవా?” అని అడుగుతారు. మంచి ప్రశ్నే. ఫోటోపీ ఫైలుని సర్వర్‌కి పంపదు. సైట్‌తో పాటు ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లోకి దిగి, పని అక్కడే జరుగుతుంది. పేజీ మొత్తం తెరుచుకున్నాక ఇంటర్నెట్ తీసేసి చూడండి, ఎడిటింగ్ ఆగదు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఫైలు వాళ్ల దగ్గర లేదు కాబట్టి, సేవ్ చేయకుండా ట్యాబ్ మూసేస్తే వెనక్కి తెచ్చిచ్చేవాళ్లు కూడా లేరు. పావుగంటకోసారి పీఎస్‌డీగా సేవ్ చేసి పెట్టుకోవాల్సిందే. కరెంటుతో ఆటలాడే ఊళ్లలో అయితే ఇంకా తరచుగా.

పని అంతా మీ కంప్యూటర్‌లోనే కాబట్టి మెమరీ కూడా మీదే ఖర్చవుతుంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీని 72 డీపీఐలో పెడితే 8640×6912 పిక్సెల్స్. నిండా బొమ్మ ఉన్న ఒక్కో లేయరూ దాదాపు 240 ఎంబీ తింటుంది. నాయకుల మొహాలు ఇరవై లేయర్లుగా ఉన్న ఫ్లెక్సీ ఫైలుని నాలుగు జీబీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో తెరిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కార్డులకి, థంబ్‌నెయిల్స్‌కి ఫోటోపీ హాయి. పెద్ద ఫ్లెక్సీకి ఎనిమిది జీబీ కంటే తక్కువ ఉంటే నేను ప్రయత్నించను.

ఉచితంగా వాడితే పక్కన ప్రకటనలు వస్తాయి. డబ్బు కడితే పోతాయి. షాపులో వాడుకున్నా ఫర్వాలేదు, సంపాదన పనికి వాడొద్దన్న షరతు లేదు. ఫోన్ బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది గానీ, ఆరంగుళాల తెర మీద ఆ మెనూలని వేలితో నొక్కడం ఓపిక ఉన్నవాళ్ల పని.

పెయింట్ డాట్ నెట్: నడిమి దారి

ఇది 2004లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది. విండోస్‌తో వచ్చే పాత పెయింట్‌కి బదులు ఏదైనా మంచిది చేద్దామని మొదలైంది. ఆ తర్వాత రిక్ బ్రూస్టర్ దాన్ని వదలకుండా పెంచుకుంటూ వచ్చాడు. లేయర్లు ఉన్నాయి, వెలుగునీడలు సర్దే కర్వులు ఉన్నాయి, వెనక్కి ఎన్ని అడుగులైనా వెళ్లొచ్చు. 2023లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి గ్రాఫిక్స్ కార్డుని గట్టిగా వాడుకుంటోంది, ఎఫెక్టులు వేగంగా పడతాయి. పాత 32 బిట్ విండోస్ ఉంటే మాత్రం కొత్త వెర్షన్ ఎక్కదు.

నేర్చుకోవడం తేలిక. పెయింట్ వాడిన పిల్లలు అరగంటలో అలవాటు పడతారు. స్టూడియో వాళ్లిచ్చిన నీలం వెనకతెర ఫోటోని తెలుపు చేయాలంటే మ్యాజిక్ వాండ్‌తో నీలాన్ని పట్టి డిలీట్ కొట్టి, కింద ఒక తెల్ల లేయర్ వేస్తే అయిపోతుంది. జుట్టు అంచుల దగ్గర మాత్రం కాస్త చేతిపని తప్పదు.

ఇక్కడ “ఫ్రీ” అన్నది అందరికీ వర్తిస్తుంది. ఇల్లు, ఆఫీసు, షాపు తేడా లేదు. దాని సొంత సైట్ నుంచి దింపుకుంటే పైసా అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో మాత్రం ధర పెట్టారు. అదే సాఫ్ట్‌వేర్, ఆటోమేటిక్ అప్‌డేట్ సౌకర్యం ఉంటుంది, రాసినాయనకి చేయూత కూడా. చాలామంది స్టోర్‌లో ధర చూసి “ఇదీ పెయిడ్ అయిపోయింది” అనుకుని వెళ్లిపోతున్నారు.

నాకు దీంతో పడనిది టెక్స్ట్. ‘చి.ల.సౌ.’ అని రాసి పక్కన క్లిక్ చేశారంటే ఆ అక్షరాలు రంగు చుక్కలుగా మారిపోతాయి. తర్వాత తప్పు కనబడితే చెరిపి మళ్లీ రాయడమే. ఒక్కో వాక్యాన్ని ఒక్కో లేయర్‌లో రాసుకుంటే కొంత నయం. అయినా కార్డులో పెళ్లికొడుకు తాతగారి పేరు మూడుసార్లు మారే ఇళ్లల్లో ఇది పనికిరాదు. పీఎస్‌డీ తెరవడానికి కూడా వేరే ఎవరో రాసిన ప్లగిన్ వెతుక్కోవాలి.

తెలుగు రాయాలంటే

ఏ ఎడిటర్ ఎంచుకున్నా, పని మొదలెట్టేముందు మూడు మాటలు టైప్ చేసి చూడండి: స్త్రీ, జ్యోత్స్న, కర్తృత్వం. ఒత్తులు కింద సరిగ్గా కూర్చుంటే ముందుకెళ్లండి. అక్షరాల మధ్య పొల్లులు విడివిడిగా నిలబడితే, లేదా ఒత్తు పక్కకి జారితే, ఆ వెర్షన్ ఆ ఫాంటుతో మీకు పనికిరాదు. ఫాంటు మార్చి ఇంకోసారి చూసి, అప్పటికీ కాకపోతే ఎడిటరే మార్చండి.

మన డీటీపీ లోకానికి ప్రత్యేకమైన చిక్కు ‘అను’ పేరుతో వచ్చే ఫాంట్లు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. లోపల ఇంగ్లిష్ అక్షరాల గుర్తులనే వాడుకుని తెరమీద తెలుగు బొమ్మలు చూపిస్తాయి. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అలాంటి పీఎస్‌డీ తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. అది ఫోటోపీ తప్పు కాదు. ఆ టెక్స్ట్ లేయర్‌ని తీసేసి, యూనికోడ్‌లో కొత్తగా టైప్ చేసుకోవడమే తక్కువ శ్రమ. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మల్లన్న, రామరాజ, మండలి, సురవరం, రవిప్రకాష్ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శుభలేఖ శీర్షికలకి నాకు రవిప్రకాష్ ఇష్టం, లోపలి వివరాలకి మండలి. ఫోటోపీలో ఫాంటు ఫైలుని కూడా ఫోటో లాగే లాగి వదిలితే జాబితాలో చేరిపోతుంది.

తెలుగు అక్షరాలే ముఖ్యమైన పని అయితే, నేను ఒంటరి ప్రోగ్రామర్ల జాబితా దాటి గింప్ దగ్గరికి పోతాను. దాన్ని 1995లో అమెరికాలోని బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టారు. తర్వాత అది ప్రపంచంలోని ఎందరో వాలంటీర్ల చేతుల్లోకి వెళ్లింది. అక్షరాలు పేర్చడానికి అది వాడే పాంగో, హార్ఫ్‌బజ్ భారతీయ లిపుల ఒత్తులనీ గుణింతాలనీ బాగా తెలిసినవి. రాసిన మాట లేయర్‌గా ఉండిపోతుంది, ఎప్పుడైనా తెరిచి తాతగారి పేరు మార్చుకోవచ్చు. 2025 మార్చిలో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్లు కూడా వేశాక వెనక్కి వెళ్లి సర్దుకునేలా అయ్యాయి. ఎంత వ్యాపారానికైనా ఉచితం, సోర్స్ కోడ్‌తో (ప్రోగ్రామ్ అసలు రాతతో) సహా. కాకపోతే గింప్ మొదటి వారం విసిగిస్తుంది. ఫోటోషాప్ చేతివాటం ఉన్నవాళ్లని మరీ. ఒక గుండ్రం గీయడానికి యూట్యూబ్ చూడాల్సి వచ్చిందని నా మిత్రుడు ఇప్పటికీ తిడతాడు, కానీ తన షాపులో గింప్‌తోనే శుభలేఖలు చేస్తున్నాడు.

ఆ ఒక్క మనిషి ఆపేస్తే?

ఒంటరి ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడేటప్పుడు ఈ భయం న్యాయమైనదే. ఇర్ఫాన్‌వ్యూ ఆగిపోయినా పెద్ద నష్టం లేదు. అది సేవ్ చేసేది మామూలు జేపీజీ, పీఎన్‌జీలే, మీ దగ్గరున్న వెర్షన్ అలాగే పనిచేస్తుంది. ఫోటోపీ వెబ్‌సైట్ కాబట్టి సైట్ లేని రోజు అదీ ఉండదు. కానీ మీ ఫైళ్లు పీఎస్‌డీలో ఉంటే వేరే చోట తెరుచుకుంటాయి. జాగ్రత్త పడాల్సింది పెయింట్ డాట్ నెట్ దగ్గర. దాని సొంత పీడీఎన్ ఫైళ్లని బయట తెరిచేవి తక్కువ. సోర్స్ కోడ్ ఒకప్పుడు బహిరంగంగా ఉండేది, తర్వాత మూసేశారు. ముఖ్యమైన డిజైన్ అయితే పీడీఎన్‌తో పాటు ఒక్కో లేయర్‌నీ పీఎన్‌జీగా కూడా తీసి పెట్టుకోండి.

ఈ భయం ఎక్కువగా ఉన్నవాళ్లకి, పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఫోటోడెమన్ చెబుతాను. టానర్ హెలాండ్ రాసినది. సోర్స్ అందరికీ తెరిచే ఉంటుంది, లేయర్లున్నాయి, బ్యాచ్ ఉంది. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ తెరుచుకోవచ్చు. స్కూలు ల్యాబుల్లో, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని ఆఫీసుల్లో ఇది వరం.

మ్యాక్, లైనక్స్ వాళ్లకి ఇర్ఫాన్‌వ్యూ, పెయింట్ డాట్ నెట్ రెండూ లేవు. బ్యాచ్ పనులకి ఫ్రాన్స్‌కి చెందిన పియర్ గూజ్లే రాసిన ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ వేసుకోండి, దానికి ఫోటోపీయో గింపో జత చేస్తే సరిపోతుంది. ఎక్స్‌ఎన్‌వ్యూ కూడా సొంత వాడకానికి ఉచితం, కంపెనీలకి కాదు.

దింపుకునేటప్పుడు మాత్రం సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన లింకుల జోలికి పోకండి. ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పేర్లతో టూల్‌బార్లూ వైరస్‌లూ అంటగట్టే సైట్లు బోలెడు. అసలు సైట్లలో కూడా ప్రకటనల్లో పచ్చగా, పెద్దగా “డౌన్‌లోడ్” అని ఉండే బొత్తాలు కనబడొచ్చు. నిజమైన లింకు చాలాసార్లు వాటి పక్కనే, వెర్షన్ నంబరుతో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. మేనకోడలు ఆ రాత్రి మొదట నొక్కింది పచ్చదాన్నే.